పదికి లోపు

కృష్ణమోహన్ గారు పది కంటే చిన్న అంకెను చచ్చినా నోటితో పలకరు. ఇడ్లీలు ఎన్ని వేయమంటారని భార్య భానుమతి గారు అడిగితే "పదికి లోపు" అంటారు. ఆవిడకు ఒళ్లు మండి ఓసారి తొమ్మిది వడ్డించారు. ఆయన మాట తప్పకుండా తొమ్మిదీ తిని, ఆ పూటంతా సోఫాలోంచి లేవలేదు.

వాళ్లుండే అమెరికా ఊరు క్యారీలో కొత్తగా దిగిన తెలుగువాళ్లు పిల్లలెంతమందండీ అని మర్యాదకు అడుగుతారు. పదికి లోపేనని ఈయన గంభీరంగా చెబుతారు. అడిగినవాళ్లు భానుమతి గారి వంక జాలిగా చూస్తారు. ఉన్నది ఒక్కగానొక్క కొడుకేనని ఆవిడ మొత్తుకోవాలి. అలా బయటపెడితే వాణ్ణి ఇట్టే పట్టేస్తారని ఈయన కారెక్కాక కోప్పడతారు. రోజుకు ఎన్ని సిగరెట్లు తాగుతారని అడిగిన డాక్టరుకూ అదే జవాబిచ్చారు. పుట్టి బుద్ధెరిగాక సిగరెట్టు ముట్టని మనిషికి పాపం ఛాతీ ఎక్స్‌రే తీశారు.

దీనికంతటికీ మూలం ఆయన ఉద్యోగం. ఊరికి గంటన్నర దూరంలోని ఆర్మీ బేస్‌లో ఆయన గణాంకాల నిపుణుడు. సైన్యంలో ఏయే మూలాలవాళ్లు ఉన్నారు, ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు అని ఏటా సర్వే చేసి పట్టికలు వేస్తారు. ఏ గడిలోనైనా పదిమంది కన్నా తక్కువ తేలితే, ఆ కొద్దిమంది ఎవరో బయటపడకుండా, అంకె వేయకుండా చుక్క గుర్తు పెట్టాలన్నది అక్కడి పద్ధతి. కృష్ణమోహన్ గారు బూట్లు గుమ్మం బయటే విడిచేవారు గానీ, ఆ పద్ధతిని మాత్రం వంటింటి దాకా తెచ్చుకున్నారు.

వీళ్ల పక్క వీధిలో పుట్టి పెరిగిన దేదీప్య చిన్నప్పటి నుంచీ ఈ అంకుల్ చాదస్తానికి నవ్వుకునేది. ఆర్మీలో చేరి, కెప్టెనై, ఆయన పనిచేసే ఆఫీసుకే బదిలీ మీద వచ్చింది. ఆ ఏడు సర్వేలో ఓ కొత్త ప్రశ్న చేరింది. మీకు ఆకర్షణ ఎవరి మీద, ఆడవాళ్ల మీదా, మగవాళ్ల మీదా, ఇద్దరి మీదా? ఇష్టమైతేనే చెప్పండి, పేరు రాయనక్కర్లేదు.

పేరుతో పనేముంది? ఆసియా మూలాలున్న ఆడమనిషి, పైగా కెప్టెన్, ఫలానా ఆఫీసు అంటే అది దేదీప్యేనని పసిపిల్లలైనా చెబుతారు. పక్క ఊరు రాలీలో నర్సుగా పనిచేసే గ్రేస్ అనే అమ్మాయితో ఆమెది మూడేళ్ల ప్రేమ. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ధైర్యం కూడగట్టుకుని తన నోటితో తానే చెప్పాలని ఆమె కోరిక. ఇప్పుడు నిజం రాశాక, ఈ కొత్త ప్రశ్నకు చుక్కల పద్ధతి పాటించకపోతే, రిపోర్టులో ఆ గడిలో ఒకటి అని పడుతుంది. ఆ రిపోర్టు వెబ్‌సైట్‌లో పెడతారు. అక్కణ్ణించి క్యారీ తెలుగువాళ్ల వాట్సాప్‌లోకి రావడానికి ఎంతసేపు? పోనీ అబద్ధం రాద్దామంటే చెయ్యి రాదు. ఖాళీగా వదిలేస్తే తనలాంటివాళ్లు అసలు లేరనే అనుకుంటారు.

కాఫీ మెషీన్ దగ్గర ఏదో మాటవరసకు అన్నట్టు అడిగింది.

"అంకుల్, ఆ కొత్త క్వశ్చన్‌కి ట్రూత్ రాస్తే, అది ఎవరో అందరికీ తెలుస్తుందా?"

"నేనుండగానా?" అన్నారాయన. ఎవరి కోసం అడుగుతున్నావని అడగలేదు. కాఫీలో పదికి లోపు పంచదార పొట్లాలు వేసుకుని వెళ్లిపోయారు.

ఆ మాట నమ్మి దేదీప్య నిజమే రాసింది. నెల తిరక్కుండా కల్నల్ వాకర్ మీటింగ్ పెట్టాడు. మనిషి మంచివాడే, ఎవరికి ఏ సాయం కావాలో తెలుసుకోవాలని తాపత్రయం. కానీ పట్టిక నిండా చుక్కలు చూసి, తాను అడిగింది లెక్కలే గానీ ఆకాశం కాదన్నాడు. ఆఫీసువారీగా, హోదావారీగా అసలు అంకెలు కావాలన్నాడు. ఆసియా మహిళా కెప్టెన్ల వరసలో 'ఆడవాళ్ల మీద' అన్న గడి మీద వేలు పెట్టి ఇక్కడెంతమంది అని అడిగాడు. అదే బల్ల దగ్గర కూర్చున్న దేదీప్య తల దించుకుని ఫైలు తిరగేసింది.

"పదికి లోపు," అన్నారు కృష్ణమోహన్ గారు.

గదంతా నవ్వింది. కనీసం ఎవరూ లేని గడుల్లోనైనా సున్నా వేయమని కల్నల్ బతిమాలాడు. అక్కడా చుక్కేనన్నారు ఈయన. ఖాళీ గడిని ఖాళీ అని చూపిస్తే, చుక్క ఉన్నచోట మనిషి ఉన్నట్టు దండోరా వేసినట్టే కదా అని ఆయన వాదన. కల్నల్‌కు ఓపిక నశించింది. ఇది ఆర్డర్ అనుకుని అంకెలు వేయమన్నాడు. కృష్ణమోహన్ గారు మెడలోని బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ గడిలో అంకె వేస్తే పేరు వేసినట్టే సార్. నన్ను నమ్మి నిజం చెప్పిన మనిషిని నేను పట్టివ్వను. వేసేవాళ్లు కావాలంటే ఇంకెవరినైనా చూసుకోండి."

ఇంట్లో పచ్చడి బాగాలేదని చెప్పడానికే నీళ్లు నమిలే మనిషి ఆయన. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇన్నాళ్లూ తాను వేళాకోళం చేసిన చాదస్తమే ఇప్పుడు తనకు అడ్డంగా నిలబడిందని తెలిసి దేదీప్యకు కళ్లు చెమర్చాయి. కల్నల్ ఆ బ్యాడ్జీని తిరిగి ఆయన వైపు జరిపాడు. అయితే ఏం చేద్దామో మీరే చెప్పండన్నాడు. హోదాలూ ఆఫీసులూ తీసేసి, బేస్ మొత్తం మీద స్వలింగ ఆకర్షణ అని రాసిన ఆసియా వాళ్లందరినీ కలిపేద్దామన్నారు కృష్ణమోహన్ గారు. అక్కడికక్కడే కూడి, గొంతు సవరించుకుని, గదంతా వినబడేలా చదివారు.

"ముప్పై ఏడుగురు."

తానొక్కతేననుకుంది దేదీప్య. మీటింగ్ అయ్యాక ఆ అంకెను మనసులో తలచుకుంటూనే ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది.

"అంకుల్, ఆ ముప్పై ఏడుగురిలో నేనూ ఉన్నాను."

ఆయన ఆశ్చర్యపోలేదు. "నాకేం వినబడలేదు అనమంటే అలాగే అంటాను తల్లీ. అక్కర్లేదంటావా, ఆదివారం మా ఇంటికి భోజనానికి రా."

గ్రేస్‌ను కూడా తీసుకురావచ్చా అని దేదీప్య అడిగింది. మీ ఆంటీకి చెప్పవచ్చా అని ఆయన అడిగారు.

"చెప్పండి అంకుల్. అమ్మకి మాత్రం నేనే చెప్తాను. సూన్."

ఆయన స్పీకర్ పెట్టి ఇంటికి ఫోన్ చేశారు.

"భానూ, ఆదివారం భోజనానికి ఇద్దరు వస్తున్నారు."

అవతల్నుంచి భానుమతి గారి గొంతు అనుమానంగా వినిపించింది.

"ఎవరండీ మీరు? మా ఆయన ఫోను మీ దగ్గరికెలా వచ్చింది?"