కల్లుప్పు మీద పడిన నింద

మా పాప నెలన్నర ముందే పుట్టింది. నరసరావుపేటలో రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపుతూ, బొడ్డుకు ఏమీ రాయొద్దు, పొడిగా ఉంచితే చాలన్నారు. నేను వింటేగా! ట్రాక్టర్ మెకానిక్‌ని. చెయ్యి తెగినప్పుడల్లా షెడ్డులో పూసుకునే అయోడిన్ మందు మీద నాకు డాక్టర్లకంటే ఎక్కువ నమ్మకం. బొడ్డు చెమ్మగా కనిపిస్తోందని, మా ఆవిడ స్నానానికి వెళ్లిన సమయం చూసి రోజూ దూదితో పట్టించేవాణ్ణి.

నాలుగు రోజులు గడిచేసరికి పాప ఏడుపు తగ్గింది. పాలకు కూడా మేమే లేపాల్సి వచ్చేది. "ఏందమ్మా, ఇంత బుద్ధిమంతురాలివా!" అని మురిసిపోయాను. వీధిలో అందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పుడా మాట గుర్తొస్తే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నెలలు నిండని పిల్లలకు రెండోసారి చేసే రక్తపరీక్షలో థైరాయిడ్ పడిపోయిందని తేలింది.

"బొడ్డుకు అయోడిన్ మందేమన్నా రాశారా?" డాక్టరమ్మ నన్నే అడిగింది. "ఈ పిల్లల చర్మం పల్చన. పీల్చేసుకుంటుంది. అయోడిన్ ఎక్కువైనా థైరాయిడ్ సరిగ్గా పనిచేయదు."

"లేదు మేడం" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసింది.

"మరి తల్లి ఏ ఉప్పు తింటోంది?"

కూతురి పురిటికని ముప్పాళ్ళ నుంచి వచ్చిన మా అత్తయ్య పక్కనే ఉంది. "పత్యం గదమ్మా, కల్లుప్పు వేయించి వేస్తన్నా" అంది. అందులో అయోడిన్ ఉండదని, తక్కువైనా చిక్కేనని డాక్టరమ్మ చెబుతుంటే అత్తయ్య ముఖం పాలిపోయింది. ఇంటికి రాగానే ఉప్పు జాడీని దొడ్లో బోర్లించింది. "నా చేతులారా చేశానే, తల్లీ" అని పాపను పట్టుకుని ఏడ్చింది. నేను చూస్తూ నిలబడ్డాను. తర్వాత అయోడిన్ సీసాను ఎవరికీ కనపడకుండా పారేశాను.

రోజూ మాత్ర పొడి చేసి పాలలో కలిపి పట్టాం. పాప మళ్లీ గుక్కపట్టి ఏడ్చిన రోజు ఇంటిల్లిపాదీ నవ్వాం. కొన్నాళ్లకు డాక్టరమ్మే మాత్ర ఆపేసింది. ఇప్పుడు పాపకు నాలుగేళ్లు. నోరు మూస్తే ఒట్టు.

అత్తయ్య మాత్రం ఆ రోజు దగ్గరే ఆగిపోయింది. ఆమెకు చదువు రాదు. మేం ముప్పాళ్ళ వెళ్లినప్పుడల్లా పొయ్యి వెలిగించే ముందు ఉప్పు పాకెట్ తెచ్చి నా చేతిలో పెడుతుంది.

"సూడు బాబూ, అయోడిన్ ఉందా? పాప తింటది."

సిగ్గుతో చచ్చిపోతూ చదువుతాను. నిజం నోటిదాకా వస్తుంది.

"ఉందత్తయ్యా" అంటాను. మొన్న ఆదివారం కూడా అంతే అన్నాను.