నేను కార్బొరేటర్ కుట్టలేదు

మొన్న మేడిపల్లిలో మా బావమరిది కొత్త ఇంట్లోకి దిగాడు. భోజనాలయ్యాక మేడ మీద షామియానా కింద మగవాళ్లమంతా కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నామో లేదో, వాడు మళ్లీ ఆ కథ ఎత్తుకున్నాడు. ప్రతి పెళ్లిలో, ప్రతి పుట్టువెంట్రుకల ఫంక్షన్‌లో, చివరికి మా అత్తగారి దశదినకర్మ నాడు కూడా వాడు వదలకుండా చెబుతూ వచ్చిన కథే అది. దారం మిల్లు నుంచి వచ్చిన మా బావ (అంటే నేను) చేతికి కార్బొరేటర్ జెట్ ఇస్తే, దాని బెజ్జం చూసి సూది అనుకుని దారం ఎక్కించాడనీ, ఆ దారం లోపలే తెగిపోయి ఒక పెద్దమనిషి బండి రోడ్డు రోడ్డునా ఆగిపోయిందనీ, అంటే మా బావ కార్బొరేటర్‌ను కుట్టేశాడనీ. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నేను ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి, వరంగల్ రోడ్డు మీదికొచ్చి బస్సెక్కాను. వయసు మళ్లితే పట్టింపులు తగ్గుతాయంటారు. నాకు తగ్గలేదు, తగ్గించుకోవలసిన అవసరమూ కనబడలేదు. ఎందుకంటే ఆ కథ అబద్ధం, అబద్ధమని వాడికి తెలుసు.

నాచారం పారిశ్రామికవాడలో ఒక దారం మిల్లులో నేను పదమూడేళ్లు పనిచేశాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఉదయం షిఫ్టుకు వెళ్లేసరికి గేటుకు తాళం, తాళం పక్కన ఒక కాగితం. అప్పట్లో ఆ చుట్టుపక్కల అలాంటి గేట్లు ఇంకా చాలా ఉండేవి కాబట్టి మా తాళం ఎవరికీ వింతగా తోచలేదు. నాకు ముప్పై ఆరేళ్లు. చేతికి వచ్చిన పని తెగే దారాన్ని ముడి కనబడకుండా అతకడం ఒక్కటే. మా ఆవిడ తమ్ముడికి ఉప్పల్ డిపో దారిలో మోటార్ సైకిల్ మెకానిక్ షాపు ఉండేది. నాకంటే ఏడేళ్లు చిన్నవాడు, చిన్నప్పుడు సైకిల్ నేర్చుకుంటుంటే వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది నేనే. అలాంటి వాడి దగ్గర పని నేర్చుకోవడానికి నేను చేరాను. వాడు పానా అడిగితే పానా, టీ అంటే టీ. దానికి నేను బాధపడలేదు, పని నేర్చుకునేవాడు ఎక్కడైనా అంతే. నా ఫిర్యాదు వేరే.

ఆ రోజుల్లో బండి నడిపిన మీకు కార్బొరేటర్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చలికాలం పొద్దున చోక్ లాగి కిక్కు కొట్టడం, అప్పటికీ పలకకపోతే బండిని పక్కకు వంచి ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టడం, ఇవన్నీ మన ఒంటికి తెలిసిన పనులే. దాని లోపలి సంగతులు మాత్రం నాకు మెల్లగా ఒంటబట్టాయి. ప్లగ్గు విప్పితే నల్లగా మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందని, తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువవుతోందని, కింద గొట్టంలోంచి పెట్రోలు కారుతుంటే లోపల పెట్రోలు మీద తేలే ఫ్లోట్ దారిని సరిగా మూయడం లేదని. వీటన్నిటిలో నాకు నచ్చింది జెట్. గోరంత ఇత్తడి మర, దాని నడుమ వెంట్రుకంత రంధ్రం, బండి తాగే పెట్రోలంతా దానిలోంచే వెళ్లాలి. అందులో నలక పడితే షాపులో అందరూ పాత క్లచ్ వైరులోంచి ఒక పోగు పీకి దానితో పొడిచేవారు. అది ఉక్కు, ఇది ఇత్తడి. నాలుగుసార్లు పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, మైలేజీ పడిపోతుంది, అప్పుడు కంపెనీవాడిని తిట్టుకుంటారు. మిల్లులో పదమూడేళ్లు నిలబడ్డవాడికి ఏది దేన్ని అరగదీస్తుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. నేను ఉప్పల్ మార్కెట్లో చేపల గాలానికి కట్టే సన్నటి నైలాన్ దారం కొనుక్కొచ్చి, దాని కొసను పెట్రోల్లో ముంచి జెట్‌లోకి పోనిచ్చి, అటూ ఇటూ నాలుగుసార్లు లాగేవాణ్ని. రంధ్రానికి గీత పడేది కాదు, నలక మాత్రం వచ్చేసేది. షాపులో వాళ్లు నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

మేము నాచారంలో అద్దెకున్న ఇంటి ఓనరు రైల్వేలో పెద్ద ఉద్యోగం, కాకినాడ వైపు ఆయన. మాట మెత్తన, బండి మీద మాత్రం ప్రాణం. ఒక వానాకాలం, రాత్రంతా బయట తడిసిన బండి పొద్దున కదలనంటే నేనే షాపుకు తోసుకెళ్లాను. కార్బొరేటర్ కింది గిన్నె విప్పితే పెట్రోలు అడుగున నీటిబొట్లు పాదరసంలా దొర్లుతున్నాయి. ట్యాంకు కడిగాను, గిన్నె కడిగాను, నా పద్ధతిలో జెట్ శుభ్రం చేశాను, బండి పలికింది. నీళ్లు ట్యాంకు మూత దగ్గర నుంచే దిగుతున్నాయని మా బావమరిది కనిపెట్టాడు, అది నిజమే. మళ్లీ దిగకుండా పాత ట్యూబు రబ్బరును గుండ్రంగా కత్తిరించి మూత లోపల వాడే అతికించాడు. దానివల్ల ఏమవుతుందో అప్పుడు నాకూ తట్టలేదు. ఆ మాట నేను ఒప్పుకుంటాను.

ఆ తర్వాతే బండికి కొత్త జబ్బు పట్టింది. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే లేచేది, నాలుగైదు కిలోమీటర్లు పోగానే పెట్రోలు అయిపోయినట్టు గుటకలు మింగి ఆగిపోయేది. కాసేపాగి కొడితే మళ్లీ నడిచేది. ఓనరు మూడుసార్లు షాపుకు తెచ్చాడు. తెచ్చిన ప్రతిసారీ మేము చేసే మొదటి పని మూత తీసి పెట్రోలు ఉందా అని చూడడం, ఆ తర్వాత రింగురోడ్డు దాకా నడిపి తీసుకురావడం. బండి శుభ్రంగా నడిచేది. మూడోసారి షాపు నిండా జనం ఉన్నారు, పనివాళ్లు కాక బండ్లిచ్చి టీ తాగుతున్న గిరాకీలు కూడా. అందరి ముందు మా బావమరిది చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"ఏమనుకోకుండ్రి సార్. మా బావ మిల్లుల పనిజేసిండు గద, జెట్ ఇస్తే సూది అనుకున్నడు. దారం ఎక్కిచ్చిండు. గా ముక్క తెగి లోపట తిరుగుతున్నది."

అందరూ నవ్వారు. నేను అక్కడే కార్బొరేటర్ విప్పి, గిన్నె బోర్లించి, జెట్‌ను వెలుగుకు పెట్టి చూపించాను, దారం ముక్క లేదు. నా దారం కొస కూడా తెగలేదని తీసి చూపించాను. వాడు దాన్ని చూడనైనా చూడలేదు.

"నువ్వు ఇగ చైన్లు, బ్రేకులు సూస్కో బావ. కార్బొరేటర్ ముట్టకు."

మిల్లు గేటు మూసినప్పుడు నాతో పాటు ఆరువందల మందికి మూశారు, అది నా చేతకానితనం కాదు. ఇది నా ఒక్కడికే మూసిన గేటు. రేపు సొంతంగా షాపు పెట్టుకుందామన్నా, కార్బొరేటర్ చేతకాదన్న పేరున్నవాడి దగ్గరికి ఉప్పల్‌లో గానీ నాచారంలో గానీ బండి ఎవడు తెస్తాడు? సాయంత్రం ఇంటికొస్తే ఆ మాట నాకంటే ముందే మా ఆవిడకు చేరింది. తమ్ముడు ఉత్తగనే అనడు కదా అంది. అది కూడా నేను మరిచిపోలేదు.

కార్తీక మాసం వచ్చింది. సోమవారం భార్యను ఎక్కించుకుని కీసర గుట్టకు వెళ్లాలని ఓనరు మొక్కుకున్నాడట, బండి దారిలో ఆగితే ఎలాగని మెట్ల దగ్గర నన్ను నిలదీశాడు. ముందురోజు ఆదివారం కదా, నేను నడుపుతాను, మీరు వెనక కూర్చోండి, ఎక్కడ ఆగుతుందో చూద్దామన్నాను. మల్లాపూర్ దాటాక ఆగింది. ఆగీ ఆగగానే ఆయన అలవాటు కొద్దీ చెయ్యి చాపి మూత తీసి, ట్యాంకు ఊపి చూసి, ఉంది కదయ్యా పెట్రోలు అని మూత పెట్టాడు. కిక్కు కొడితే లేచింది. అప్పుడు నా మెదడులో ఏదో కదిలింది. మళ్లీ ఏఎస్ రావు నగర్ బజారులో ఒక కోచింగ్ సెంటర్ ముందు ఆగినప్పుడు, మూత ముట్టుకోవద్దని ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. ఇరవై కిక్కులు కొట్టాను, లేవలేదు. కార్బొరేటర్‌కు వచ్చే పెట్రోలు గొట్టం ఊడదీసి పట్టుకుంటే నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది, ట్యాంకులో సగానికి పైగా పెట్రోలుంది. అప్పుడు మూత తిప్పాను. ఉస్సుమని గాలి లోపలికి పోయింది, నా చేతిలో గొట్టంలోంచి పెట్రోలు ధారగా దూకింది.

మూతకు గాలి పోయే సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి రావాలి. ఆ రంధ్రాన్ని మా బావమరిది రబ్బరు ముక్క మూసేసింది. స్క్రూడ్రైవరుతో దాన్ని పీకేసి, అదే ఊపులో కీసర దాకా వెళ్లి, గుట్ట కింద టీ తాగి తిరిగొచ్చాం. ఎక్కడా ఆగలేదు.

"అంటే ఇన్నాళ్లూ నీ దారం తప్పేం లేదన్నమాట" అన్నాడు ఓనరు టీ తాగుతూ.

ఆ మాట షాపులో అందరి ముందు చెప్పమని అడిగాను. తప్పకుండా చెబుతానన్నాడు.

మంగళవారం ఇద్దరం వెళ్లాం. రబ్బరు ముక్కను బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. పనివాళ్లు చుట్టూ మూగారు, వాళ్ల ముఖాలు చూస్తే వాళ్లకు అర్థమైందని తెలుస్తూనే ఉంది. మా బావమరిది ఆ ముక్కను రెండు వేళ్లతో తిప్పి చూసి తుక్కు డబ్బాలో పడేశాడు. "నేను మొదట్నుంచి గదే అంటున్న గద సార్, బండికి గాలి అందుతలేదని" అన్నాడు. ఓనరు చిరునవ్వు నవ్వాడు. ఇచ్చిన టీ తాగాడు. బండెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం మెట్ల దగ్గర అడిగాను, చెబుతానన్నారు కదా సార్ అని. "షాపు అతనిది కదయ్యా. నలుగురిలో అతన్ని చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాను" అన్నాడాయన. అదే నలుగురిలో నన్ను చిన్నబుచ్చినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. రెండు నెలల్లో ఆ ఇల్లు ఖాళీ చేశాను.

ఇక మా బావమరిది సంగతి. పది రోజుల తర్వాత ఏమీ జరగనట్టు ఒక కార్బొరేటర్ నా ముందు పెట్టి వెళ్లాడు. నెల తిరిగేసరికి వాడి బల్ల పైన మేకుకు గాలం దారం ఉండ వేలాడుతోంది. షాపులో అందరూ దానితోనే జెట్లు శుభ్రం చేశారు, క్లచ్ వైరు పోగు మళ్లీ ఎవరూ ముట్టలేదు. మైలేజీ మంచిగ ఇస్తున్నదని గిరాకీలు మెచ్చుకుంటే, చేతి గుణం అనేవాడు. పని నాది తీసుకున్నాడు, కథ మాత్రం వాడిది ఉంచుకున్నాడు. పైగా ఏడాదికొక కొత్త కుట్టు వేశాడు. మొదట దారం ముక్క తెగిందన్నాడు, తర్వాత కార్బొరేటర్‌నే కుట్టేశానన్నాడు, తెలంగాణ వచ్చిన ఏడు ఒక పెళ్లిలో నేను జెట్‌కు ముడి కూడా వేశానన్నాడు. అప్పటికి నాచారంలో నా సొంత షాపు నడుస్తోంది, కార్బొరేటర్ పనికి బోడుప్పల్ నుంచి కూడా బండ్లు వచ్చేవి. అయినా కథ ఆగలేదు.

ఇప్పుడు వచ్చే బండ్లకు కార్బొరేటరే లేదు. నా షాపు మూసి కూడా చాలా రోజులైంది. పోయిన నెల మా అబ్బాయి బండి ఇవ్వడానికి ఉప్పల్‌లో సర్వీసు సెంటరుకు వెళితే, ఒక కుర్రాడు వైరు తగిలించి తెర మీద ఏదో అంకె చదివి జబ్బు చెప్పేశాడు. ఊరికే కూర్చోలేక వాడికి ఈ సంగతంతా మొదటి నుంచి చెప్పాను. పాపం మర్యాదస్తుడు, మధ్యలో లేవకుండా చివరిదాకా విన్నాడు. విని, "జెట్ అంటే ఏంది అంకుల్?" అని అడిగాడు.

వాడి మీద నాకు కోపం రాలేదు. కోపమంతా నా మీదికే మళ్లింది. మా బావమరిది కథకు నవ్వడానికి ఏమీ తెలియనక్కర్లేదు. నా మాట నమ్మాలంటే మాత్రం జెట్ తెలియాలి, మూతలో రంధ్రం ఎందుకో తెలియాలి, ఇత్తడిని ఉక్కు ఏం చేస్తుందో తెలియాలి. అవన్నీ తెలిసినవాళ్లు ఆ మంగళవారం బల్ల చుట్టూ ఆరుగురు నిలబడి ఉన్నారు. తప్పు ఎవరిదో చెప్పండని ఒక్క మాట అడిగితే చాలు, ఎవరో ఒకరు చెప్పేవారు. బంధుత్వం అడ్డొచ్చి నేను అడగలేదు. వాళ్లలో ఇద్దరు పోయారు, మిగతావాళ్లు ఎక్కడున్నారో తెలియదు. ఇప్పుడు అడుగుదామంటే తీర్పు చెప్పే మనిషి లేడు.