పసుపు ప్లేటు

మా నాన్నకు ఒక లారీ ఉండేది. ముక్త్యాలలో సిమెంటు లోడు ఎత్తుకుని తనే నడుపుకుంటూ వెళ్ళేవాడు. సెలవులిస్తే నన్నూ తమ్ముణ్ణీ క్యాబిన్‌లో ఎక్కించుకునేవాడు. హైవే మీద ఎదురొచ్చే బండి ప్లేటు చూసి, అది ఏ జిల్లాదో, సొంతదో కిరాయిదో చెప్పడం మా ఆట. ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. తెల్ల ప్లేటు సొంత బండి, పసుపు ప్లేటు కిరాయి బండి అన్నది నాకు అఆల కంటే ముందు వచ్చిన చదువు. నందిగామలో టీచరుగా స్థిరపడ్డాక కూడా, మా వాళ్ళలో ఎవరూ నన్ను అడక్కుండా బండి కొనరు. "అక్క చెప్పిందంటే ఆర్టీవో చెప్పినట్టే" అంటాడు తమ్ముడు. ఆ మాటకు నేను లోలోపల పొంగిపోయేదాన్ని. ఇప్పుడు అదే మాట గుర్తొస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

తమ్ముడి కూతురు నర్సింగు చదివినన్నాళ్ళూ నందిగామలో నా దగ్గరే ఉంది. చందర్లపాడు రోడ్డు మీద నా స్కూటీతోనే బండి నేర్చుకుంది. పడింది, లేచింది, సైడు అద్దం విరగ్గొట్టింది, నా చేత చివాట్లు తింది. ఇప్పుడు జపాన్‌లో ఓ చిన్న ఊళ్ళో, ముసలివాళ్ళను చూసుకునే హోములో పని చేస్తోంది. అక్కడ బస్సులు తక్కువ. మొదటి చలికాలమంతా మంచులో సైకిలు తొక్కుకుంటూ డ్యూటీకి వెళ్ళింది. వీడియో కాల్‌లో ఎర్రగా కందిపోయిన దాని ముక్కు చూసి మేమంతా నవ్వేవాళ్ళం, అదీ నవ్వేది.

ఒక ఆదివారం నాకు ఫోటో పంపింది. అగ్గిపెట్టెలా చిన్న కారు, దాని పక్కన మా పిల్ల, మొహమంతా నవ్వు. కింద రాసింది: "సెకండ్ హ్యాండే, కానీ నాదే. ప్లేటు చూసావా అత్తా?"

చూసాను. పసుపు ప్లేటు, నల్ల అక్షరాలు.

అప్పుడు నేను జగ్గయ్యపేటలో తమ్ముడింట్లో ఉన్నాను. చర్చి అయిపోయి, భోజనాలకు నలుగురైదుగురు వచ్చి ఉన్నారు. అప్పటికే తమ్ముడి ఫోన్‌లోనూ అదే ఫోటో, మా అమ్మాయి కారు కొందంటూ అందరికీ చూపిస్తున్నాడు. నా దాకా వచ్చేసరికి నోరు ఊరుకుంటుందా? "సొంత కారా, నా మొహమా! పసుపు ప్లేటు కనబడట్లా? ట్యాక్సీరా అది. మీ అమ్మాయి అక్కడ కిరాయికి తిప్పుతున్నట్టుంది" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఎవరో "జపాన్ వెళ్ళి ట్యాక్సీ డ్రైవరా!" అన్నారు. తమ్ముడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. మా మరదలు నా విస్తట్లో మరి కాస్త కూర వేసి లోపలికి వెళ్ళిపోయింది. స్టీరింగు పట్టి మమ్మల్ని పెంచిన మనిషి కూతురిని నేను. డ్రైవరన్న మాట నా నోట ఎగతాళిగా వచ్చిందని కూడా ఆ పూట నాకు తోచలేదు.

మేనకోడలికి జవాబు కూడా అదే ధోరణిలో పెట్టాను: "చూసాలే. కిలోమీటరుకి ఎంత తీసుకుంటున్నావు?" కాసేపటికి "అది నా కారే అత్తా" అని వచ్చింది. నేనొక నవ్వు ఎమోజీ పంపి ఊరుకున్నాను.

ఊరుకున్నది నేనొక్కదాన్నే. తమ్ముడు ఊరుకోలేదు. ఫోను చేసినప్పుడల్లా అదే ప్రశ్నట: "ట్యాక్సీ నడిపితే నడిపావు, అబద్ధమెందుకమ్మా? నీ కారైతే పసుపు ప్లేటెందుకుంది?" ఇక్కడ ఇంతే నాన్నా అని పిల్ల చెబితే, "అత్తకు తెలీదా?" అని దాని నోరు మూయించేవాడట. ఈ సంగతులన్నీ మరదలు తరవాత చెప్పింది. పిల్ల నాకు ఫోను చేయడం తగ్గించింది. కొత్త ఊరు, డ్యూటీలు, తీరిక ఉండదులే అనుకున్నాను. నా గొప్పతనం మీద నాకు అంత నమ్మకం.

మొన్న ఒక శనివారం బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ, ఫోన్‌లో ఎవరో జపాన్ పల్లెటూళ్ళు తిరిగిన వీడియో పెట్టుకున్నాను. కూరగాయల సంచులు కారులో పెట్టుకుంటున్న ముసలావిడ. ఆ కారుకు పసుపు ప్లేటు. పక్క ఇంటి ముందు పసుపు ప్లేటు, ఆ పక్కనా పసుపు ప్లేటే. ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని ట్యాక్సీలా అని నవ్వబోయి, ఆగిపోయాను. ఇస్త్రీ పెట్టె తీసి నిలబెట్టి వెతకడం మొదలుపెట్టాను.

వాళ్ళ లెక్క వేరు. చిన్న ఇంజను కారు సొంతానికి వాడుకునేదైతే పసుపు మీద నల్ల అక్షరాలు. అదే కిరాయికి తిప్పితే నలుపు మీద పసుపు. పెద్ద కారు సొంతదైతే తెలుపు మీద ఆకుపచ్చ. ట్యాక్సీకి ఆకుపచ్చ మీద తెలుపు. మన దగ్గర ఆకుపచ్చ అంటే కరెంటు బండి! ప్లేటు పై వరసలో రిజిస్టరు చేసిన చోటి పేరు, దాని పక్కన బండి ఏ రకమో చెప్పే అంకెలు. కింద ఎడమ పక్క ఒకే ఒక్క అక్షరం. అద్దె కార్లకు వేరే అక్షరాలు ఉంటాయి. వాళ్ళ భాషలో చావును గుర్తుచేసే అక్షరాన్ని అసలు వాడరట. ఆ తరవాత పెద్ద అంకెలు, నాలుగుకు మించవు. తక్కువైతే ఖాళీ చోట సున్నాలు కాదు, చుక్కలు పెడతారు. కొంత రుసుము కడితే ఆ అంకెలు మనకు నచ్చినవి అడిగి తీసుకోవచ్చు.

పాత ఫోటో తీసి పెద్దది చేసాను. పసుపు మీద నలుపు, సొంత కారే. అద్దెకారు అక్షరం కాదు. చివరికి పెద్ద అంకెల మీద పడింది కన్ను. 27-58.

ఇరవైఏడు యాభైఎనిమిది. నందిగామ మెకానిక్ నా స్కూటీని పేరు పెట్టి పిలిచినట్టు ఆ నంబరుతోనే పిలిచేవాడు. చందర్లపాడు రోడ్డు మీద మా పిల్ల పడి లేచిన బండి. స్కూటీ అమ్మేసిన రోజు నాకంటే అదే ఎక్కువ ఏడ్చింది. ప్లేటు చూసావా అత్తా అని అడిగింది దీని కోసం. నేను రంగు చూసాను. అంకెల దాకా వెళ్ళనే లేదు. బట్టలు అలాగే వదిలేసి మంచం మీద కూర్చుని ఏడ్చాను. నా నోటిని నేనే తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే జగ్గయ్యపేట బస్సెక్కాను. తమ్ముణ్ణీ మరదల్నీ కూర్చోబెట్టి, ప్లేటు మొత్తం విడమరిచి చెప్పాను. తమ్ముడు, "మరి ఆ రోజు అంత గట్టిగా చెప్పావేంటక్కా?" అన్నాడు. తన ఫోన్‌లో ఆ ఫోటో తీసి, "నువ్వు చెప్తే నా కూతుర్ని కూడా నమ్మలా" అన్నాడు. మరదలు మాత్రం, "ముందు దానికి ఫోను చెయ్యండి వదినా" అంది.

చేసాను. తెర మీద టోపీ, మఫ్లరు, మధ్యలో ఎర్రటి ముక్కు.

"నంబరు చూసానమ్మా" అన్నాను.

"ఇప్పుడా అత్తా?" అంది.

"నన్ను క్షమించవే. తెలీకుండా వాగా. మీ నాన్నకీ చెప్పా. అది నీ సొంత కారే."

"ఇచ్చేసా అత్తా. ఫోను చేస్తే చాలు, నాన్న అదే అడిగేవాడు. విసుగొచ్చి ఇక్కడే ఒకావిడకి అమ్మేసా. అదే ఊళ్ళోవాళ్ళు కొంటే ఇక్కడ ప్లేటు మార్చక్కర్లేదు. నీ నంబరుతోనే తిప్పుతోంది. రోజూ ఎదురొస్తుంది." తరవాత మెల్లగా అంది: "ఎదురొచ్చే బండి ప్లేటు చూసి అన్నీ చెప్పేదానివి కదా, చూడగానే గుర్తుపడతావనుకున్నా."

వెనక ఏదో తెల్లగా రాలుతోంది. ఎక్కడున్నావని అడిగాను.

"డ్యూటీకి వెళ్తున్నా అత్తా. సైకిలు మీద."