కిరాయి ఇంట్లో చావు

నా చిన్నప్పుడు, మానేరు డ్యాంలో మా ఊరు మునిగిపోయాక, కరీంనగర్‌లో వరసగా గదులుండే ఒక లైను ఇంట్లో ఒక్క అర్ర, అంటే ఒక్క గది, కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. ముంపు ఊళ్ల జనమంతా పట్నం మీద పడటంతో ఆ రోజుల్లో అర్ర దొరికిందంటే దేవుడు దొరికినట్టే. ఆ దేవుడు ఎన్ని షరతులు పెట్టినా తల ఊపేవాళ్లం.

ఆ షరతుల్లో ఒకటి ఎవరూ ముందు చెప్పరు. కిరాయి ఇంట్లో చావు కాకూడదు. చావైతే అరిష్టమని ఇల్లు నెలల తరబడి పాడు పెట్టాలంటారు. మా తాత మంచం పట్టి, గుటక కూడా వేయలేని స్థితికి వచ్చిన రోజు ఇంటి ఓనరు వాకిట్లోకి వచ్చి మా బాపును పిలిచాడు. "ముసలాయన్ను పానం ఉండంగనే బయటికి తియ్యిండ్రి. తర్వాత నన్ననద్దు" అని మెల్లగానే చెప్పాడు. తీసుకుపోదామంటే మాకు ఇల్లేది? అది నీళ్ల కింద ఉంది.

పక్కర్రలో ఉండే చిన్నమ్మ బీడీలు చేసేది. గయ్యాళి అని మా అవ్వే అనేది. ఈ సంగతి వినగానే ఆమె లైనులోని ఆడవాళ్లందరినీ లేపింది. అందరూ తునికాకు చాటలు పట్టుకుపోయి ఓనరు దర్వాజ ముందే కూర్చుని బీడీలు చుట్టసాగారు. నేను చిన్నమ్మ కొంగు పట్టుకుని కూర్చున్నాను.

"మా ఇండ్లల్ల పురుళ్లయితయి, సావులైతయి. మేం మనుషులం గాదా పటేలా? జవాబు చెప్పు" అంది చిన్నమ్మ.

ఓనరు కోప్పడనైనా లేదు. "ఉంటె ఉండుండ్రి, లేకుంటె ఖాళీ చెయ్యిండ్రి. అర్ర కావాల్నని రోజూ నా దర్వాజ కాడ మంది నిలవడుతుండ్రు" అన్నాడు. అది నిజమే. ఒక్కొక్కరే చాటలు ఎత్తుకుని లేచారు. వాళ్లను నేనేమీ అనను, వాళ్లకూ పిల్లలున్నారు. చివరికి చిన్నమ్మా నేనూ మిగిలాం.

సాయంత్రం రోడ్డు పక్కన పరదా కట్టి తాత మంచాన్ని అక్కడికి మోశారు. మంచం లేస్తుంటే తాత కళ్లు తెరిచి "ఇంటికేనా?" అన్నాడు. "ఆఁ, ఇంటికే" అన్నాడు మా బాపు. తాత ముఖం విప్పారింది. అది చూసి నాకు దుఃఖం ఆగలేదు.

పొద్దుగూకకముందే ఆయన పోయాడు. చాటలు ఎత్తుకుపోయిన ఆడవాళ్లే నీళ్లు కాచి తెచ్చారు. ఆఖరి స్నానం కూడా ఆ రోడ్డు మీదే, సైకిళ్లు పోతుండగానే అయింది.

ఆ ఓనరు విననప్పుడు ఎందుకు అడిగావని తర్వాత చిన్నమ్మ మీదే కోపం చేశాను. ఆమె ఆకు కత్తిరిస్తూనే చెప్పింది. "అడిగితే ఇస్తరని గాదు బిడ్డా. అడగకుంటె గిదే న్యాయమనుకుంటరు. ఆళ్లూ అనుకుంటరు, మనమూ అనుకుంటం."

మా ఆయనా నేనూ ఇప్పటికీ కిరాయి ఇంట్లోనే ఉంటున్నాం. ఇల్లు మారినప్పుడల్లా నీళ్ల సంగతి, కరెంటు సంగతి మాట్లాడాక, "మాలో ఎవరికైనా నూరేళ్లు నిండితే ఈ ఇంట్లోంచే పాడె లేపనిస్తారా?" అని అడుగుతాను. మా ఆయన తల వంచుకుంటాడు. కొందరు నవ్వేస్తారు, కొందరు తలుపేస్తారు. ఇప్పుడున్న ఇంటాయన విననట్టే తాళంచెవి చేతిలో పెట్టాడు. సరే అన్నవాళ్లు ఇంతవరకూ లేరు.