వరెన్నా చర్చిలో నా చేతిరాత

దెయ్యాలూ శకునాలూ నేనెప్పుడూ నమ్మలేదు. అమెరికాలో, ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఏ విషయమైనా రెండోసారి చూసుకుంటే గానీ ఒప్పుకోను. ఇది మాత్రం ఎన్నిసార్లు చూసుకున్నా తేలలేదు.

పోయిన వేసవిలో నేనూ మా ఆయన కిరణ్ ఇటలీ వెళ్లాం. గ్రీన్ కార్డ్ వచ్చాక మా మొదటి ప్రయాణం. అంతకుముందు, దేశం దాటితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనన్న భయంతో ఎన్నో ఏళ్లు ఎక్కడికీ కదల్లేదు. అందుకే కోమో సరస్సు ఒడ్డున వరెన్నాలో ఫెర్రీ దిగగానే నా కాళ్లు నేల మీద నిలవలేదు. నీళ్ల అంచు నుంచి కొండ మీదికి పాకిన పసుపు, ఎరుపు ఇళ్లు. వందల ఏళ్ల నాటి రాతి సందులు. కనిపించిన ప్రతి మెట్టూ ఎక్కాను.

అలా ఎక్కుతూ పైన ఒక చిన్న పాత చర్చికి చేరాం. మధ్యాహ్నం రెండు దాటింది. లోపల ఎవరూ లేరు. గుమ్మం పక్కన బల్ల మీద, వచ్చినవాళ్లు నాలుగు మాటలు రాసి వెళ్లే పుస్తకం ఉంది. ఊరికే పేజీలు తిప్పుతుంటే మధ్యలో తెలుగు కనిపించింది. ఎగిరి గంతేసినంత పని చేశాను.

"కిరణ్, ఇటు రా. మనవాళ్లెవరో వచ్చారు."

రెండే వాక్యాలు. 'వెనక మెట్ల మీదుగా వెళ్ళకండి. ముందు దారిలోనే దిగండి.' పేరు లేదు.

కిరణ్ వంగి చూశాడు. "ఇది నీ హ్యాండ్‌రైటింగ్ కదా. ప్రాంక్ చేస్తున్నావా?"

అప్పుడు సరిగ్గా చూశాను. 'ళ' తోకను పైకి మెలితిప్పడం నా అలవాటు. బళ్లో దానికి తిట్లు కూడా తిన్నాను. ఆ మెలిక అక్కడ ఉంది. పైనా కిందా ఉన్న రాతలకు రెండేళ్ల కిందటి జూలై తేదీలున్నాయి.

వెంటనే ఫోన్ తీసి ఆ పేజీని ఫొటో తీసుకున్నాను. నిజం చెప్పాలంటే భయం కాదు, ఏదో దొరికిందన్న సంబరం.

కిరణ్ అప్పటికే వెనక తలుపు వైపు నడుస్తున్నాడు. "ఇటు షార్ట్‌కట్. లేదంటే ఫెర్రీ మిస్సవుతాం."

"మిస్సయితే నెక్స్ట్‌ది ఎక్కుదాం. ప్లీజ్, ముందు నుంచే వెళ్దాం."

విసుక్కుంటూనే వచ్చాడు.

సగం దారి దిగామో లేదో, చర్చి వెనక పెద్ద చప్పుడైంది. పరుగెత్తి వెళ్లి చూస్తే మెట్ల పక్కనున్న పాత రాతి గోడ కూలి మెట్ల మీద పడి ఉంది. అదృష్టం, అక్కడ ఎవరూ లేరు. ఆ దుమ్ములో కిరణ్ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చాక మా పాస్‌పోర్టులన్నీ తీసి చూశాం. ఆ జూలైలో మా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. అమెరికా దాటలేదు. ఇటలీ ముద్ర ఇప్పుడు పడిందొక్కటే.

ఏమీ చెప్పకుండా ఆ ఫొటో హైదరాబాద్‌లోని మా అక్కకు పంపాను. నిమిషంలో జవాబొచ్చింది. "ఎవరి కోసం రాశావే ఇది?"

మా కోసమే అని టైప్ చేశాను. ఎప్పుడు రాశానో, ఎలా రాశానో మాత్రం నాకిప్పటికీ తెలియదు.