మహీధర్ వదిలిన గోల్స్

బసవయ్య కొడుకు మహీధర్ గోల్ ముందు నిలబడితే అతన్ని దాటి చలిగాలి కూడా లోపలికి పోయేది కాదని సింగపూర్‌లోని జురాంగ్ వెస్ట్‌లో చెప్పుకునేవారు. చెప్పుకునేవారు అంటే, ముఖ్యంగా బసవయ్యే చెప్పేవాడు. చీరాల నుంచి వచ్చి షిప్‌యార్డులో వెల్డింగు సూపర్‌వైజరుగా స్థిరపడ్డ మనిషి. సాయంత్రం బ్లాకు కింద కాఫీషాపులో కూర్చుని, ఐస్ హాకీ పేరు కూడా వినని తెలుగువాళ్ళను పట్టుకుని, బల్ల మీద గ్లాసులు అటూ ఇటూ జరిపి పాఠం చెప్పేవాడు. అది మంచు మీద ఆట. బూట్ల కింద కత్తుల్లాంటి ఇనుప బద్దలుంటాయి. బంతికి బదులు అరచెయ్యంత రబ్బరు బిళ్ళ, దాన్ని ఆటకు ముందు ఫ్రీజర్లో పెట్టి రాయిని చేస్తారు. అది పళ్ళకు తగిలితే పళ్ళు పోతాయి, ముక్కుకు తగిలితే ముక్కు పోతుంది, దేనికీ తగలకపోతే గోల్ పోతుంది.

"మావాడికి ఆ మూడోది ఇంతవరకు జరగలా," అని ముగించేవాడు.

అందులో కోత పెద్దగా లేదు. నేషనల్ సర్వీస్ అనే తప్పనిసరి సైనిక కొలువు ముగించి యూనివర్సిటీలో చేరిన మహీధర్ కాలేజీ జట్టుకు గోల్‌కీపర్. జురాంగ్ ఈస్ట్ మాల్ పై అంతస్తులో మంచు పరిచిన రింక్ ఉండేది. కింద బస్టాపులో చొక్కా పిండుకుంటున్నవాళ్ళు మెట్లెక్కి లోపలికి రాగానే పళ్ళు పటపటలాడించేవారు. ఒకసారి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కాలేజీ జట్టు ఆటంతా కొట్టి కొట్టి అలసిపోయి, గోల్‌కు అద్దం తలుపు బిగించారేమో చూడమని రిఫరీతో తగాదా పెట్టుకుంది. ఆ రిఫరీ నిజంగానే వెళ్ళి గోల్లోకి చెయ్యి పెట్టి చూశాడు. తిరిగొచ్చి, తలుపేమీ లేదు, కుర్రాడే ఉన్నాడు అన్నాడు.

మహీధర్‌కు ఒకటే కోరిక. ప్రొఫెషనల్ కావాలి. బిళ్ళలు ఆపి అన్నం తినాలి. ఈ వైపు దేశాల్లో అలాంటి జట్లు జపాన్‌లోనే ఉండేవి. అక్కడ తను ఆడుతున్నాడని నాన్న కాఫీషాపులో చెప్పుకోవాలి. అంతకుమించి అతను దేవుణ్ణి ఏమీ అడగలేదు. అడిగినవి మాత్రం దేవుడు అక్షరం పొల్లుపోకుండా ఇచ్చాడు. ఆయన ఎవరినైనా ఏడిపించదలచుకుంటే అలాగే ఇస్తాడు.

అది కంప్యూటర్ల కాలం. పేరు చివర డాట్ కామ్ తగిలిస్తే ఇడ్లీ బండికి కూడా పెట్టుబడి దొరికేది. జగన్మోహనరావు అనే ఆయనకు అలాంటి కంపెనీ ఒకటి ఉండేది. అది ఏం తయారుచేస్తుందో అందులో పనిచేసేవాళ్ళకు తెలియదు, తెలిసినవాళ్ళు మానేశారు. విజయవాడ, గుంటూరు కోచింగ్ సెంటర్లలో నాలుగు ముక్కలు నేర్చుకున్న కుర్రాళ్ళను విమానాల్లో తెచ్చి బెడోక్‌లో ఫ్లాట్ల నిండా సర్దాడు. ఒకడు నిద్రలో పక్కకు తిరిగితే వరసలో పడుకున్నవాళ్ళంతా తిరగాల్సిందే.

ఈ ముచ్చటకంతా డబ్బు పోసేవాడు గోర్డన్ అనే కెనడా దొర. వయసులో ఉండగా ఐస్ హాకీ ఆటగాడు కావాలని తపించి, ఏ జట్టూ చేర్చుకోక, ఆ కసితో కోటీశ్వరుడైన మనిషి. పొట్ట పెరిగింది, మోకాళ్ళు పోయాయి, కోరిక పోలేదు. వయసు మళ్ళిన దొరలను పోగుచేసి శనివారాలు ఆడేవాడు. ఈ సంగతి తెలియగానే, గ్లాసులో తప్ప ఐసు చూసి ఎరగని జగన్మోహనరావు సొంతంగా హాకీ జట్టు పెట్టేశాడు. కాలేజీ ఆట అయ్యాక మహీధర్‌ను కారెక్కించుకున్నాడు.

"నిన్ను ప్రొఫెషనల్‌ని చేస్తాను బాబూ. నెల జీతం. జెర్సీ వెనక నీ పేరు. కావాలంటే తెలుగులో రాయిస్తా."

"రియల్లీ, అంకుల్?"

"గోర్డన్ గారి జట్టుతో ప్రతి శనివారం మ్యాచ్. ఎవరు కొట్టినా ఆపెయ్. మొహమాటం వద్దు. గోర్డన్ గారు కొట్టినవి మాత్రం వదిలెయ్."

మహీధర్ నవ్వాడు. జగన్మోహనరావు నవ్వలేదు.

"వదలడానికి నేనెందుకు అంకుల్? ఎవర్ని పెట్టినా వదుల్తాడు లా," అన్నాడు, సింగపూర్‌వాళ్ళ అలవాటుగా చివర ఒక "లా" తగిలించి.

"చేతకానివాడి మీద గోల్ కొడితే ఆయనకు సరదా ఏముంటుంది? నిన్నెవరూ దాటలేరని సింగపూరంతా తెలుసు. అందుకే నువ్వు కావాలి. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. మీ నాన్నగారికి అసలు చెప్పకు, ఆయన కాఫీషాపులో చెప్పింది జపాన్‌దాకా వినబడుతుంది. అన్నట్టు ఆ జపాన్ వాళ్ళు ఎప్పుడైనా వచ్చారనుకో, ప్రొఫెషనల్ జట్టులో ఉన్నవాడి వంకే చూస్తారు. కాలేజీ పిల్లల వంక చూడరు."

ఆ చివరి మాట దగ్గర మహీధర్ దొరికిపోయాడు.

గోర్డన్ కొట్టే బిళ్ళను వదలడం అనుకున్నంత తేలిక కాదని మొదటి శనివారమే తెలిసింది. అది ఎంత మెల్లగా వచ్చేదంటే, ఈలోగా కిందికి వెళ్ళి ఒక తె తారిక్ టీ తాగి, చిల్లర తీసుకుని, తిరిగొచ్చి ఆపవచ్చు. అలాంటి దాన్ని ఆపలేకపోయినట్టు కనిపించాలంటే విద్య కావాలి. మహీధర్ ఆ విద్య నేర్చుకున్నాడు. ఎడమకు దూకబోయి కాలు జారినట్టు ఒకటి, ఎవరో అడ్డొచ్చి కనబడనట్టు ఒకటి, కాళ్ళ సందు మూసేలోగా తప్పించుకుపోయినట్టు ఒకటి. పడ్డాక మంచును గుద్దేవాడు, కర్రను తిట్టేవాడు. గోర్డన్ దగ్గరకొచ్చి హెల్మెట్ మీద తట్టి, బాధపడకు, నువ్వు కుర్రాడివి అనేవాడు. సోమవారం జగన్మోహనరావు అడిగినదానిమీదల్లా సంతకం పెట్టేవాడు.

బెడోక్ కుర్రాళ్ళకు ఆ ఆట చూడటం డ్యూటీ. మంకీ క్యాపులు పెట్టుకుని, ఒకే దుప్పటి నలుగురు కప్పుకుని, పెట్టుబడిదారు గోల్ కొట్టినప్పుడల్లా చప్పట్లు కొట్టేవారు. రహస్యం వాళ్ళకు తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా, మహీధర్ అనే లోకల్ కుర్రాడు జీతం తీసుకుంటూ ఒక ముసలి దొరను ఆపలేకపోతున్నాడని. ఆట అయ్యాక జురాంగ్ వెస్ట్ కాఫీషాపుకు చేరేవారు, అక్కడ అతను కనబడితే చాలు.

"అదిగోరా మన ఫైర్‌వాల్."

"ఫైర్‌వాలా? అందులోంచి కంటైనర్ లారీ పోద్ది."

"ఇంటి తలుపైనా వేసుకుంటావా అన్నా, అదీ తీసే ఉంటదా?"

మహీధర్ తిరిగి ఒక్క మాట అనేవాడు కాదు. అనవలసిన మాట ఒకటే ఉంది, దాన్ని జగన్మోహనరావు కొనేశాడు. బసవయ్య మొదట కొన్నాళ్ళు కొడుకు తరఫున పోట్లాడాడు. మంచు బాగా లేదన్నాడు, బూట్లు బిగువన్నాడు. తరవాత గ్లాసులు జరపడం మానేశాడు. ఆ తరవాత కాఫీషాపుకు పోవడమే మానేశాడు.

"నీకేమైందిరా?" అని ఒకరోజు అన్నం ముందు కూర్చుని అడిగాడు. "కళ్ళు ఆనట్లేదా?"

"కళ్ళు ఓకే నాన్నా."

"మరి ఏంది? అంత నిమ్మళంగా వచ్చేదాన్ని మీ అమ్మయినా గరిటెతో ఆపుద్ది గదరా."

ఇలా ఉండగా జపాన్ నుంచి కబురొచ్చింది. అక్కడ ఉత్తరాన మంచు సీమలో చేపల డబ్బాలు తయారుచేసే ఒక కంపెనీకి ప్రొఫెషనల్ జట్టు ఉంది. దాని మేనేజర్ హయాషి రాబోయే శనివారం మ్యాచ్ చూడటానికి వస్తున్నాడు. మహీధర్ పరుగున జగన్మోహనరావు దగ్గరికి వెళ్ళాడు.

"ఈ ఒక్క వారం అంకుల్. ఈ ఒక్క వారం నిజంగా ఆడతాను. ప్లీజ్."

"అయ్యో, ఆడించకుండా ఉంటానా," అన్నాడు జగన్మోహనరావు, కుర్చీ చూపించి. "కానీ ఈ శనివారమే గోర్డన్ గారి పుట్టినరోజు. మూడు గోల్స్ కొట్టి, కేకు కోసి, పెద్ద పెట్టుబడి మీద సంతకం పెడతానన్నాడు. అది రాకపోతే బెడోక్‌లో ఉన్న కుర్రాళ్ళందరి వర్క్ పాసులూ పోతాయి. వాళ్ళ బతుకులు నీ కాళ్ళ సందులోంచి పోవాలి నాయనా. కొంచెం ఎడంగా పెట్టుకో."

శనివారం రింక్ నిండింది. హయాషి సన్నగా, కోటు వేసుకుని, ఒక మూల కూర్చుని కదలకుండా చూస్తున్నాడు. మహీధర్ బతిమాలితే బసవయ్య కూడా వచ్చాడు. తక్కిన దొరలు కొట్టినవన్నీ మహీధర్ ఈగల్ని తోలినట్టు తోలేశాడు. గోర్డన్‌ది మొదటిది కాలు జారి వదిలాడు. రెండోది కాళ్ళ సందులోంచి వదిలాడు. కుర్రాళ్ళు దుప్పట్లు ఎగరేశారు. హయాషి మొహంలో ఏమీ కనబడలేదు.

మూడోసారి గోర్డన్ ఒంటరిగా, ఫ్రిజ్‌ను ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు, ఊగుతూ వచ్చాడు. అప్పుడు మహీధర్ తండ్రి వంక చూశాడు. బసవయ్య లేచి నిలబడి మెడలో మఫ్లరు తీసేస్తున్నాడు. వెళ్ళిపోతున్నాడు. గోర్డన్ కర్ర ఎత్తాడు. అలవాటుకొద్దీ కుర్రాళ్ళు ముందే చప్పట్లు మొదలెట్టారు. అలవాటుకొద్దీ గోర్డన్ కొట్టీకొట్టగానే రెండు చేతులూ పైకెత్తేశాడు.

మహీధర్ ఎడమ చెయ్యి లేచింది. బిళ్ళ గ్లవ్‌లో పడి చప్పుడైంది.

ఎత్తిన చేతులు ఎత్తినట్టుండగానే గోర్డన్ కూలబడ్డాడు. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. అవి పూర్తిగా ఆగేలోపే బసవయ్య తలుపు దాటి మెట్లు దిగిపోయాడు. చప్పట్లు విన్నాడు గనక మూడోది కూడా పోయిందనుకున్నాడు.

గోర్డన్ మంచు మీద కూర్చుని ఆ గ్లవ్ వంకే చూశాడు. ఆ చెయ్యి ఎంత తీరిగ్గా లేచిందో ఆయన చూశాడు. మనిషి ఆటగాడు కాకపోయినా తెలివితక్కువవాడు కాదు.

"అయితే ఇన్నాళ్ళూ కొట్టినవి..." అన్నాడు ఇంగ్లీషులో. "అన్నీ అంతేనా?"

ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఆ ముసలాయన మిగిలిన రోజులు సుఖంగా గడిపేవాడు. పడుతున్నవాణ్ణి ఇన్నాళ్ళూ హెల్మెట్ మీద తట్టి ఓదార్చినందుకైనా మహీధర్ ఆ అబద్ధం చెప్పవచ్చు. అతను ఆ తట్టడమే గుర్తుచేసుకున్నాడు.

"ఆల్, అంకుల్."

ఆ రెండు మాటల్లో గోర్డన్‌ను ఎక్కువ నొప్పించింది రెండోదే అంటారు. కేకు కోయకుండానే వెళ్ళిపోయాడు. సంతకం పెట్టలేదు. ఆ తరవాత కొద్ది రోజులకే అమెరికాలో నాస్‌డాక్ మార్కెట్ కుప్పకూలి ప్రపంచమంతా డాట్ కామ్‌లు మూతపడ్డాయి. సింగపూర్ తెలుగువాళ్ళకు దాని కారణం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మహీధర్ గ్లవ్ మూసిన చప్పుడుకు న్యూయార్కులో అద్దాలు పగిలాయన్నారు. పాసులు పోయిన కుర్రాళ్ళు పెట్టెలు సర్దుకుని, విమానాశ్రయానికి పోయే దారి కాకపోయినా పనిగట్టుకుని జురాంగ్ వెస్ట్ దాకా వచ్చి, బసవయ్య గుమ్మం ముందు నిలబడి తిట్టి మరీ వెళ్ళారు. జగన్మోహనరావు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పి తిట్టాడు. బసవయ్యకు కొడుకు గొప్పతనం ఆ తిట్లలో తెలిసింది.

"అన్నీ కావాలనే వదిలావంట గదరా," అన్నాడు.

"అవును నాన్నా. చెప్పొద్దన్నారు. బట్ లాస్ట్ వన్ ఆపాను."

బసవయ్య లేచి వెళ్ళి వీధి తలుపు మూసొచ్చాడు.

"చేతగాక పోయినా బాగుండేది," అన్నాడు.

తిట్లన్నీ సద్దుమణగకముందే హయాషి నుంచి కాంట్రాక్టు వచ్చింది. మహీధర్ దాన్ని తండ్రి ముందు పెట్టి, నిజం జట్టు, నిజం జీతం అన్నాడు. ఆ ఒక్క బిళ్ళ ఆపడం చూసే తీసుకున్నారన్నాడు. చాంగీ విమానాశ్రయంలో బసవయ్య కొడుకు భుజం మీద చెయ్యి వేసి, ఎన్నాళ్ళకో మళ్ళీ నవ్వాడు.

"అక్కడన్నా నిజంగా ఆడరా అబ్బాయ్."

"ప్రామిస్, నాన్నా."

జపాన్‌లో అంతా అతను కలగన్నట్టే ఉంది. ఇంటి కప్పుల్ని పూడ్చేసేంత మంచు, అద్దంలాంటి రింక్, జెర్సీ వెనక పేరు. వచ్చిన మొదటి ఆదివారం హయాషి అతన్ని పిలిచి, సిద్ధం కా, ఛైర్మన్ గారు వస్తున్నారు అన్నాడు.

"చూడటానికా సార్?"

"ఆడటానికి."

ఎనభై దాటిన ఛైర్మన్‌ను ఇద్దరు పట్టుకుని మంచు మీదికి దించుతున్నారు. ఫ్యాక్టరీ పనివాళ్ళంతా కోట్లు వేసుకుని వరసగా కూర్చున్నారు. హయాషి గొంతు తగ్గించి, పద్ధతిగా, వచ్చీరాని ఇంగ్లీషులో విడమరచి చెప్పాడు.

"ఆపేవాళ్ళు మాకు చాలామంది ఉన్నారు. వాళ్ళు పడితే నటన అని ఛైర్మన్ గారికి తెలిసిపోతుంది. సింగపూర్‌లో మొదటి రెండూ చూసి నిన్ను తీసుకున్నాను. అంత సహజంగా పడేవాణ్ణి నేను చూడలేదు. మూడోది చూసి భయపడ్డాను. కుర్రతనం, పోతుందిలే అనుకున్నాను."

మహీధర్ వెళ్ళి గోల్ ముందు నిలబడ్డాడు. తిరిగిపోదామంటే జురాంగ్ వెస్ట్ గుమ్మం గుర్తొచ్చింది, దాని ముందు తిట్టినవాళ్ళు గుర్తొచ్చారు, చాంగీలో నాన్న నవ్వు గుర్తొచ్చింది. కాఫీషాపులో మళ్ళీ గ్లాసులు కదులుతున్నాయని నిన్ననే అమ్మ ఫోన్లో చెప్పింది.

ఛైర్మన్ కర్ర ఆడించాడు. బిళ్ళ బయల్దేరింది, దారిలో ఒకసారి ఆగిపోతుందేమో అనిపించింది, మళ్ళీ మనసు మార్చుకుని వచ్చింది. మహీధర్ ఎడమ చెయ్యి దానంతటదే లేచింది. బిళ్ళ గ్లవ్‌లో పడింది. పనివాళ్ళు ఊపిరి బిగబట్టారు. హయాషి మొహం పాలిపోయింది. అప్పుడు మహీధర్ పట్టుకున్నదాని బరువుకు తూలినట్టు వెనక్కి ఒరిగి, మోచెయ్యి నేలకు కొట్టుకుని, వేళ్ళు విడిచాడు. బిళ్ళ జారి గీత దాటి గోల్లో పడుకుంది.

ఛైర్మన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని వంగి నమస్కరించాడు. రింక్ చప్పట్లతో దద్దరిల్లింది. హయాషి జారుకుంటూ వచ్చి అతన్ని లేవదీశాడు.

"పట్టుకుని మరీ వదలడం," అన్నాడు ఆశ్చర్యంగా. "ఇది సింగపూర్‌లో చూపించలేదే?"

మహీధర్ మోకాళ్ళ మీది మంచు దులుపుకున్నాడు.

"అప్పటికింకా కాలేజీ కుర్రాణ్ణి సార్."