సోయిలమ్మ కొసరు

సోయిలమ్మకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటి మనిషి చేతిలో ఏ వస్తువు కనబడినా "ఎంతిచ్చావ్?" అని అడిగి తీరాలి. అడక్కపోతే ఆవిడకు తిన్నది అరగదు. చెప్పకపోతే ఎదుటివాళ్ళకు దారి వదలదు. చెబితే మాత్రం గుండె మీద చెయ్యేసుకుని, "దోచేశారు తల్లీ నిన్ను, నిలువునా దోచేశారు" అని ఆ చివరి ఇంటిదాకా వినబడేలా మొదలుపెడుతుంది.

స్పానిష్ మాట్లాడే క్వెంకా ఊళ్ళో, ఏటి గట్టు పక్కనున్న ఆ వీధిలో జనం సోయిలమ్మ గుమ్మం దాటేటప్పుడు సంచులు శాలువాల కింద దాచుకునేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరైనా శాలువా నిండా కప్పుకుని పోతున్నారంటే లోపల కోడో, కొత్త చెప్పులో ఉన్నట్టే.

మొగుడు రోసెండోది ఇంకా కష్టం. కొత్త టోపీ కొంటే ఇంటికొచ్చేలోపు దాన్ని ఏటి ఒడ్డున మట్టిలో పొర్లించి, దాని మీద కాసేపు కూర్చుని, పాతదాన్ని చేసి మరీ నెత్తిన పెట్టుకొచ్చేవాడు.

"ఈ టోపీ ఎక్కడిది?" అనేది సోయిలమ్మ.

"మన పెళ్ళినాటిదే. మర్చిపోయావా?"

"పెళ్ళికి నల్లది పెట్టుకున్నావు."

"ఎండకి వెలిసింది" అనేవాడు రోసెండో.

పక్క వీధి ఆబ్దోన్ చచ్చిపోయినప్పుడు సోయిలమ్మ అందరిలాగే నల్లబట్టలు కట్టుకుని వెళ్ళింది. అందరిలాగే ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ శవపేటిక చెక్కని వేలితో టకటకా కొట్టి చూసి, అతని భార్య చెవిలో అడిగింది.

"ఎంతిచ్చావమ్మా దీనికి?"

ఆవిడ చెప్పింది.

"అయ్యో, వంతెన అవతల అడగాల్సింది. సగానికే ఇచ్చేవాళ్ళు. పైగా పిడులు ఇత్తడివి."

ఆవిడ ఏడుపు ఆపేసింది. "నిజంగానా?"

"నిజమే. ఇప్పుడింక మార్చలేంలే. నువ్వు ఏడు."

అలాంటి సోయిలమ్మ ఇంట్లో, మేడ మీది గదిలోకి గ్లెండా అద్దెకు దిగింది.

గ్లెండా ఒహాయోలో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. వచ్చే పెన్షను అక్కడ ఇంటద్దెకీ, చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకోడానికే చాలేది కాదు. ఆ పెన్షనుతో క్వెంకాలో రాణిలా బతకొచ్చని ఇంటర్నెట్‌లో ఎవరో రాస్తే చదివి, ఉన్న సామాను అమ్ముకుని విమానమెక్కేసింది. ఆ రాసినవాడు రాణి ఏం తింటుందో రాయలేదు. ఇక్కడా డాలరే కదా, లెక్క తేలికని ధైర్యంగా దిగింది. తీరా చూస్తే, డాలరు అదే గానీ అది నిలబడే తీరు వేరు. రొట్టె చవక, రొట్టెకి రాసుకునే పీనట్ బటర్ మాత్రం విదేశీ సరుకట, సీసా కోడి ధర పలికింది. వైద్యానికి బీమా, వీసాకి ఫీజు, ఫీజు కట్టినట్టు చూపించే కాయితానికి ఇంకో ఫీజు. నెల సగంలోనే పర్సు తేలికైపోయేది.

ఇక్కడ కుదరకపోతే వెళ్ళడానికి ఉన్నది ఒక్కటే చోటు, తమ్ముడి గ్యారేజీ పైన గది. తమ్ముడు మంచివాడే. అతని భార్య ఉంది చూశారూ, "ఎన్నాళ్ళుంటావు వదినా?" అని నవ్వుతూ అడిగే రకం. ఆ నవ్వు తప్పించుకోడానికే గ్లెండా ప్రతి సెంటూ చూసుకుని ఖర్చుపెట్టేది. పొద్దున్న కాఫీ తాగుతూ లెక్క వేసుకునేది, చాలేది కాదు. చక్కెర తగ్గించి మళ్ళీ లెక్క వేసుకునేది. అప్పుడూ చాలేది కాదు.

వచ్చిన కొత్తలో ఓ రోజు అవకాడోలు కొనుక్కుని వస్తుంటే మెట్ల దగ్గర సోయిలమ్మ దొరకబుచ్చుకుంది.

"ఎంతిచ్చావ్?"

"ఒక్కోటి డాలరండి."

సోయిలమ్మ మెట్టు మీద కూలబడింది. తర్వాత లేచింది. గ్లెండా మణికట్టు పట్టుకుని బజారుకి లాక్కుపోయింది. అమ్మినావిడ ముందు నిలబెట్టి, "చూడండమ్మా, ఈ తెల్ల ముసలమ్మని, పొట్ట కూటికి ఇంత దూరం వచ్చినదాన్ని, మనూళ్ళో దోచేశారు" అని మాంసం కొట్లవాళ్ళు కత్తులు ఆపి చూసేలా చాటింది. డబ్బు సగం వెనక్కి వచ్చింది. అదే ఊపులో తనకి బఠాణీలు కొని, తూకం అయ్యాక కొసరు అడిగింది. అమ్మే ఆవిడ గుప్పెడు వేసింది. "అది గుప్పెడా? పిచ్చుక కూడా అంతకన్నా ఎక్కువ పట్టుకెళ్తుంది" అంది సోయిలమ్మ. ఇంకో గుప్పెడు పడింది. "ఇప్పుడు ఆ పిచ్చుక పెళ్ళానికి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతూ చూస్తున్నారు. సోయిలమ్మ కొసరంటే బజారుకి తిరనాళ్ళ లెక్క.

గ్లెండా మాత్రం నేల చూపులు చూస్తూ నిలబడింది. పొట్ట కూటికి వచ్చినదన్న మాట నిజమే. నిజం కాబట్టే చెవులు కాలిపోయాయి.

అందుకే మరుసటి వారం అబద్ధమాడింది.

"ఎంతిచ్చావ్?"

"డాలరుకి నాలుగండి."

సోయిలమ్మ కాసేపు ఆమె మొహంలోకి చూసింది. "ఎవరిచ్చారు?"

"బజారు మెట్ల పక్కన, నీలం గుడ్డ కట్టుకున్నావిడ."

"ఎర్మెలిండా?"

"ఆవిడే."

"ఎర్మెలిండా డాలరుకి నాలుగిచ్చింది" అని మెల్లిగా అనుకుని, సోయిలమ్మ శాలువా తీసి కప్పుకుని బజారు దారి పట్టింది.

గ్లెండా మేడ మీద కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఆ ఎర్మెలిండా ఆమెకు అమ్మింది డాలరుకి రెండే. ఇప్పుడు అక్కడ ఎంత గొడవ అవుతుందో. గంటకి తిరిగొచ్చిన సోయిలమ్మ ఏమీ జరగనట్టు వంటింట్లోకి పోయింది. దాంతో మరీ భయమేసింది. ఆ రోజు నుంచి గ్లెండా ఎర్మెలిండా ఉన్న వరసలోకే వెళ్ళలేదు.

అబద్ధం కొసరు లాంటిది, ఒకసారి అలవాటైతే ఆగదు. గుడ్లు కొంది, తక్కువ చెప్పింది. జున్ను కొంది, ఇంకా తక్కువ చెప్పింది. బీన్స్, అరటికాయలు, వేరుశనగలు, ఎండుచేప, అన్నీ అంతే. చెప్పిన ప్రతిసారీ సోయిలమ్మ "ఎవరిచ్చారు?" అని అడిగేది, శాలువా కప్పుకుని బయల్దేరేది. గ్లెండా ఆ కొట్టుకి నీళ్ళు వదులుకునేది. ఈ వరసలో మొహం చెల్లక ఆ వరస, ఆ వరస అయిపోయాక వంతెన అవతలి బజారు, అదీ అయిపోయాక బస్సెక్కి ఊరి చివరి బజారు. ప్రతిచోటా కొత్త మొహమే. కొత్త మొహానికి కొత్త ధర. పైన బస్సు ఖర్చు. ఇంట్లో చెప్పే ధర రోజురోజుకీ దిగుతోంది, బయట ఇచ్చే ధర రోజురోజుకీ ఎక్కుతోంది, మధ్యలో గ్లెండా నలిగిపోతోంది.

కింద వంటింట్లో రోసెండో మాటలు ఒకోసారి పైకి వినబడేవి.

"ఏమే, ఈ మధ్య నీ సంచి బరువు తగ్గింది. కొసరు రావట్లేదా? ముసలిదానివైపోయావు."

"నోరు మూసుకుని తిను" అనేది సోయిలమ్మ.

ఈస్టరు ముందు వారం వచ్చింది. ఆ పొద్దున్న గ్లెండా లెక్క వేసుకుంటే, విమానం టికెట్టుకి సరిపడా డబ్బే మిగిలింది. ఇంకో నెల ఉంటే అదీ ఉండదు. మంచం కింద నుంచి పెట్టె లాగి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. అప్పుడే తలుపు కొట్టి, ఆగకుండా సోయిలమ్మ లోపలికొచ్చేసింది. పెద్ద బుట్ట, మూట కట్టిన డబ్బు చేతిలో ఉన్నాయి. పెట్టెని చూసింది. చూడనట్టు ఊరుకుంది.

"అమ్మాయ్, గుడ్ ఫ్రైడే వస్తోంది. ఆ రోజు తినే ఫనేస్కా పులుసు వండాలి. గింజలన్నీ కావాలి, గుమ్మడికాయ, ఎండుచేప, గుడ్లు, జున్ను. ఈ వారం ధరలు మండిపోతున్నాయి. ఈ ఇంట్లో నీ అంత బేరగత్తె లేదు. నువ్వే తేవాలి."

"నేనా? నాకు ఇవాళ కొంచెం…"

"ఎవరెవరి దగ్గర కొన్నావో వాళ్ళ దగ్గరే కొను. నువ్వు చెప్పిన ధరలకే డబ్బు కట్టి తెచ్చాను. ఒక్క సెంటు ఎక్కువివ్వకు" అని బుట్ట మంచం మీద పెట్టి దిగిపోయింది.

గ్లెండా ఆ డబ్బు చూసింది. ఆ డబ్బుకి ఈ వారం సగం గింజలు కూడా రావు. మిగతాది తను వేసుకుంటే టికెట్టు డబ్బు పోతుంది. వేసుకోకపోతే, ఇన్ని నెలలూ ఆడినదంతా అబద్ధమని ఒప్పుకోవాలి. మెట్లు దిగుతూ క్షమాపణ స్పానిష్‌లో కూర్చుకుంది. ఏటి గట్టు మీద నడుస్తూ వల్లె వేసింది. బజారు గుమ్మంలోకి వచ్చేసరికి మొదటి ముక్క తప్ప అన్నీ మర్చిపోయింది.

ఎర్మెలిండా దూరం నుంచే చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"వచ్చావా గ్రింగమ్మా. ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అంది. అమెరికా నుంచి వచ్చిన ఆడవాళ్ళని అక్కడ గ్రింగా అంటారు.

"క్షమించండి" అంది గ్లెండా. అదే ఆ మొదటి ముక్క.

"డాలరుకి నాలుగిచ్చానని చెప్పావంట."

"అబద్ధం చెప్పానండి."

"తెలుసు. బుట్ట పట్టు." ఎర్మెలిండా నాలుగు అవకాడోలు ఏరి వేసింది. "డాలరు."

గ్లెండా అవకాడోల వంకా, ఆవిడ వంకా చూసింది.

"ఏం చూస్తావ్? నీ ధర అదే. అబద్ధమాడిన మర్నాటి నుంచీ అదే. నువ్వొస్తేగా తీసుకోడానికి."

"ఎందుకు?"

"ఎందుకేంటి, సోయిలక్క వచ్చి ఆ పీట మీద కూచుంది. 'మా గ్రింగా నోటి నుంచి అబద్ధం వచ్చింది, దాన్ని నిజం చెయ్యాలి' అంది. నాకు గిట్టుబాటు కాదక్కా అన్నాను. 'అయితే నా కొసరు నాకొద్దు, దాని ధరలో కలుపు' అంది. సోయిలక్క కొసరంటే మాటలా? దాంతో ఓ కుటుంబం బతకొచ్చు. ఆ రోజు నుంచి తూకం వేయించుకుని, నోరెత్తకుండా పోతోంది. మాకే పొద్దు పోవట్లేదు."

"మిగతా కొట్లవాళ్ళు…"

"అందరి దగ్గరా అదే మాట. నువ్వు ఎక్కడ అబద్ధమాడితే అక్కడికి వచ్చి కూచుంది. ఇదిగో, పద్ధతి తప్పకూడదని బీన్స్ నేను పక్కన పోసి ఉంచాను నీ కోసం. గుడ్లావిడని మాత్రం అడక్కు. నీ వాటా ఈపాటికి కూతకొచ్చి ఉంటుంది."

గ్లెండా బజారంతా తిరిగింది. తప్పించుకు తిరిగిన ప్రతి కొట్లోనూ ఆమె చెప్పిన ధరే ఆమె కోసం కాచుకుని ఉంది. జున్నావిడ తిట్టి ఇచ్చింది. ఎండుచేపలావిడ "మరీ అంత తక్కువ చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది తల్లీ" అని సణిగి ఇచ్చింది. బుట్ట నిండింది. నడుస్తూ నడుస్తూ అలవాటుగా లెక్క వేసుకుంది. ఈ ధరలే అయితే, ఇక బస్సెక్కి ఊరు తిరగక్కర్లేకపోతే, నెల నెలకి అందుతుంది. బొటాబొటీగానే, కానీ అందుతుంది. రెండోసారి వేసుకుంది. ఇంకోసారి వెయ్యడానికి భయపడి ఆపేసింది.

సోయిలమ్మ మెట్ల మీద బీన్స్ తొక్క తీస్తూ కూర్చుని ఉంది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?" అంది గ్లెండా.

"చెబితే, నీ అబద్ధం నాకు తెలుసని నీకు తెలిసిపోదూ? ఈ వయసులో సిగ్గుపడితే మళ్ళీ కోలుకోలేం. ఎలాగూ వెళ్తావుగా, నీ ధర నీకు దొరుకుతుందిలే అనుకున్నా. నువ్వేమో ఊరు పట్టుకు తిరుగుతున్నావు. పిచ్చి మొహమా, ఒక కొట్టు పట్టుకుని పదిసార్లు వెళ్తేనే ఈ ఊళ్ళో మనిషివి. అబద్ధమాడినా సరే, ఆడిన చోటికే మళ్ళీ వెళ్ళాలి. అప్పుడు వాళ్ళు తిడతారు. తిట్టారంటే నువ్వు వాళ్ళ మనిషివి."

"జున్నావిడ తిట్టింది."

"చూశావా" అంది సోయిలమ్మ తృప్తిగా. "రా, ఈ గింజలు ఒలువు. పైన బట్టలు తర్వాత సర్దుకోవచ్చు."

ఆ బట్టలు మళ్ళీ బీరువాలోకే సర్దుకున్నాయి.

ఆ తర్వాత గ్లెండా వారం వారం తప్పకుండా ఎర్మెలిండా దగ్గరికే వెళ్ళింది. వానలు తగ్గేసరికి ఓ రోజు ఎర్మెలిండా తూకం వేస్తూ, "గ్రింగమ్మా, నువ్విప్పుడు నా వాడుక మనిషివి. ఈ ధర నీ సొంతానికే ఇస్తున్నా. ఇందులో సోయిలక్క కొసరేం లేదు. ఆవిడది ఆవిడని తీసుకోమను" అంది.

మర్నాడు గ్లెండా సోయిలమ్మని వెంటబెట్టుకుని వెళ్ళింది. సోయిలమ్మ బఠాణీలు తూకం వేయించుకుని, ఈ మధ్య అలవాటు కొద్దీ సంచి మూతి కట్టెయ్యబోయింది.

"అక్కా, కొసరు అడగవా?" అంది ఎర్మెలిండా.

సోయిలమ్మ గ్లెండా వైపు చూసింది. గ్లెండా తల ఊపింది.

ఎర్మెలిండా గుప్పెడు వేసింది. సోయిలమ్మ శాలువా సర్దుకుంది, గొంతు సవరించుకుంది, గింజల వంక చూసి పక్కవాళ్ళందరికీ వినబడేలా అంది. "ఇదేంటి, నువ్వు తినగా మిగిలినవా?"

మాంసం కొట్టాయన కత్తి కింద పెట్టి చేతులు తుడుచుకుని వచ్చేశాడు. గుడ్లావిడ బుట్ట వదిలేసి వచ్చింది. ఎర్మెలిండా చాన్నాళ్ళకి చొక్కా చేతులు పైకి మడుచుకుని, "నీ బతుక్కి అదే ఎక్కువ" అంటూ రెండో గుప్పెడు తీసింది.

గ్లెండా సంచి మూతి రెండు చేతులా వెడల్పు చేసి పట్టుకుంది.